పళ్లక్క కట్టిన ఓడలు

కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పని కాబట్టి ఆ వీధిలో అందరికీ ఆవిడ పళ్లక్క. భర్త సరుకు ఓడల్లో ఇంజనీరు కాబట్టి ఆయన ఓడాయన. ఏడాదిలో ముప్పాతిక భాగం ఆయన నీళ్ల మీదే గడిపేవాడు. అందుకని వీధిలోకి కొత్తగా దిగినవాళ్లు పళ్లక్కకు మొగుడున్నాడంటే ఓ పట్టాన నమ్మేవాళ్లు కాదు. కింది వాటాలో ఉండే ఆవిడ ఆడపడుచు, నోరున్న మనిషి, "ఉన్నాడమ్మా, నా సొంత తమ్ముడే. ఈసారి వచ్చినప్పుడు పిలిచి చూపిస్తాలే" అని వాళ్లకు భరోసా ఇచ్చేది.

పెళ్లయిన కొత్తలో ఓడాయన ఏదో రేవులో ఒక అట్టపెట్టె కొనుక్కొచ్చాడు. మూత మీద మూడు స్తంభాల తెరచాప ఓడ బొమ్మ ఉంది. లోపలున్న ముక్కలన్నీ అతికించుకుంటూ పోతే అచ్చం అలాంటి ఓడే తయారవుతుందట. డ్యూటీ లేనప్పుడు కాలక్షేపానికి పనికొస్తుందని కొన్నాడు గానీ, అసలు ఓడ అటూ ఇటూ ఒరుగుతుంటే బల్ల మీది బుల్లి ఓడ ముక్కలు గదంతా దొర్లేవట. విసుగుపుట్టి ఇంటికి తెచ్చి బీరువా మీద పడేశాడు. సెలవు అయిపోగానే మళ్లీ వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లిన సాయంత్రం ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఫ్రిజ్ గురగుర కూడా మనిషి గొంతులా తోచింది పళ్లక్కకు. ఏం చేయాలో తోచక, కుర్చీ వేసుకుని ఆ పెట్టె కిందికి దించింది. పలచటి చెక్క పలకల్లో ఓడ పక్కటెముకలు కత్తిరించి ఉన్నాయి, వేలితో నొక్కితే ఊడి వచ్చేటట్టుగా. అగ్గిపుల్లంత మందాన చెక్క పట్టీలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. దారపు ఉండలు, గుండుసూదుల్లో సగం కూడా లేని ఇత్తడి మేకులు, మిరియపు గింజంత కప్పీలు, తెరచాపలకు తెల్లగుడ్డ. ఎలా చేయాలో చెప్పే కాగితం మాత్రం ఆవిడకు రాని భాషలో ఉంది. సరే, బొమ్మలు చూసుకుంటూ చేద్దామని కూర్చుంది.

పళ్ల పనిలో ఆరితేరిన చెయ్యి. సన్నటి పట్టకారు, మైనం గీసే కత్తి, చిన్న ఆకురాయి ఆవిడకు కొత్తవి కావు. అయినా మొదటి ఓడ కుదరలేదు. పట్టీలను నీళ్లలో నానబెట్టి, వేడి మీద వంచి, పక్కటెముకల మీద వరసగా అతికించాలి. కుడివైపు ఒకటి పెడితే ఎడమవైపు ఒకటి పెట్టాలి. ఆ సంగతి తెలియక ఒక పక్కంతా పూర్తిచేశాక రెండో పక్క మొదలుపెట్టింది. జిగురు ఆరేసరికి ఓడ అరటిపండులా వంకర తిరిగింది.

ఓడాయన ఇంటికొచ్చి దాన్ని చూసి పడీపడీ నవ్వాడు. ఇది ఎక్కితే ఎటూ వెళ్లక్కర్లేదు, బయల్దేరిన చోటికే తిప్పి తీసుకొస్తుంది అన్నాడు. ఆవిడా నవ్వింది. కానీ తర్వాత ఆయన ఆ వంకర ఓడను చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూడటం వంటింట్లోంచి గమనించింది. ఆ చూపు ఆవిడకు నచ్చింది. ఆయన మళ్లీ ఓడ ఎక్కగానే బజారుకెళ్లి ఇంకో పెట్టె కొంది.

అలా మొదలైంది. బజారులో బొమ్మల సామాన్లు అమ్మే దుకాణదారుడు పళ్లక్క గుమ్మంలోకి రాగానే, "సారు బయల్దేరారామ్మా?" అని అడిగేవాడు. ఆవిడ తల ఊపితే ఈసారి ఎన్నాళ్లకని అడిగి, దాన్నిబట్టి పెట్టె దించేవాడు. చిన్న ప్రయాణమైతే ఒంటి తెరచాప పడవ. పొడుగు ప్రయాణమైతే ఫిరంగుల కిటికీలున్న పెద్ద ఓడ. ఒకసారి మాత్రం కంపెనీవాళ్లు ఆయన ప్రయాణాన్ని మధ్యలో పొడిగించారు. ఆవిడ ఓడ అయిపోవచ్చింది, మనిషి రాలేదు. అప్పుడు అంత ఓడనూ విప్పి, తాళ్లన్నీ కోసేసి, మళ్లీ మొదటినుంచి కట్టింది.

ఎందుకంటే చివరి ముడి ఆయన వేయాలి. ఎప్పుడు పెట్టుకున్నారో గానీ అది ఇద్దరికీ అలవాటైపోయింది. ఓడంతా పూర్తిచేసి ఒక్క తాడు వదులుగా వేలాడదీసి ఉంచేది. ఆయన ఇంట్లోకి వచ్చి, చేతులు కడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ తాడును కొక్కేనికి ముడేసేవాడు. ఇంజన్లు విప్పే మోటు వేళ్లతో అంత సన్నపు దారం పట్టుకోవడానికి ఆయన పడే అవస్థ చూడటం ఆవిడకు సరదా. ముడి పడ్డాకే ఆయన నిజంగా వచ్చినట్టు.

కడుతున్నంతసేపూ ఆయన ఆ ఓడలోనే ఉన్నాడనుకునేది. చుక్కాని దగ్గర, చొక్కా గాలికి ఎగురుతూ, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూస్తూ. ఆయన పనిచేసే ఓడలకు తెరచాపలు లేవనీ, ఆయన ఉండేది అడుగున ఇంజను గదిలోననీ తెలియక కాదు. తెలిసీ అలాగే అనుకునేది. తన పక్కనే నిలబడి తనూ చూస్తున్నట్టు కూడా అనుకునేది గానీ, అది ఎవరికీ చెప్పలేదు.

వాళ్లకు పిల్లలు కలగలేదు. కొన్నాళ్లు డాక్టర్ల చుట్టూ తిరిగారు. ఆయన ఉన్నప్పుడు డాక్టరు చెప్పిన రోజులు కుదరవు, రోజులు కుదిరినప్పుడు ఆయన ఉండడు. తర్వాత ఆ మాట ఎత్తడం మానేశారు. అద్దాల బీరువా నిండింది. ఆడపడుచు ఇంటి అలమరా కూడా సగం ఓడలతో నిండింది. "మా ఇల్లు రేవయిపోయింది, ఇక సుంకం వసూలుచేయడమొక్కటే తక్కువ" అనేదావిడ.

చివరికి ఓడాయన ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చేశాడు. చేతులు కడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఆఖరి తాడు ముడేశాడు. ఇంక వెళ్లేది లేదు.

పళ్లక్క ఎన్నేళ్లుగానో కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూసిన రోజది. మొదటి నెల పండగలాగే గడిచింది. తర్వాతే ఆవిడ మనసు ఎక్కడా నిలవడం మానేసింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఆయనకు నిద్రపట్టదు. చలిలో కూడా ఫ్యాను తిప్పుకుని, ఆ మోత వింటూ పడుకుంటాడు. రేవు వైపు వెళ్లే రోడ్డు ఎక్కడు. బజారుకు వెళ్లాలన్నా చుట్టూ తిరిగి వెళతాడు. ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ, కాఫీ కప్పులు అందించుకుంటూ, కొత్త చుట్టాల్లా ఉన్నారు. అలవాటు కొద్దీ ఒక కిట్ తెచ్చి, వెన్నుపట్టెకు పక్కటెముకలు తగిలించింది గానీ, పట్టీలు వేయబుద్ధి కాలేదు. ఎవరికోసమని వేయాలి? మనిషి ఎదురుగానే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. అయినా లోపలి బెంగ తీరలేదు సరికదా, మునుపటికన్నా పెరిగింది. అది ఎవరి మీద బెంగో ఆవిడకే అర్థం కాలేదు. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

అలా ఉండగా ఒక ఆదివారం, ఓడాయన కింద పనిచేసిన ఇంజనీరు ఒకతను భార్యతో సహా చూడటానికి వచ్చాడు. మగవాళ్లు హాల్లో మాటల్లో పడ్డారు. ఆ అమ్మాయి అద్దాల బీరువా ముందు నిలబడి ఓడలన్నీ చూసి ముచ్చటపడింది. పట్టీలు ఎలా వంచుతారో, ముళ్లు ఎలా వేస్తారో అడిగి తెలుసుకుంది. ఆ తర్వాత మామూలుగా, వంటల గురించి అడిగినట్టే అడిగింది.

"మీరు సారుతో ఎన్ని ట్రిప్పులు వెళ్లారక్కా?"

పళ్లక్కకు ప్రశ్న అర్థం కాలేదు. ఎక్కడికి అంది. ఓడ మీదికే అంది ఆ అమ్మాయి. ఆఫీసర్లు భార్యల్ని వెంట తీసుకెళ్లవచ్చు కదా, తను పెళ్లయిన ఏడే వెళ్లానని, మొదటి వారమంతా వాంతులేనని, తర్వాత దిగమంటే ఏడుపొచ్చిందని చెప్పుకుంటూ పోయింది. పొద్దున్నే డెక్కు మీదికెళితే ఎగిరే చేపలు వచ్చి పడి ఉండేవట. పళ్లక్క నవ్వుతూ విన్నది. హాల్లో ఓడాయన మాట ఆగిపోయింది. మంచినీళ్లు తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లి, అవసరమైనదానికన్నా చాలాసేపు అక్కడే ఉన్నాడు.

మర్నాడు పొద్దున డాబా మీద ఆరిన బట్టలు మడతపెడుతూ పళ్లక్క అడిగింది.

"ఓడ మీదకి భార్యల్ని రానిస్తారా?"

"ఆఫీసర్లకైతే రానిస్తారు."

"ఎప్పటినుంచి?"

దుప్పటి రెండో కొస ఆయన చేతిలో ఉంది. "నేను చేరినప్పటినుంచీ ఉంది," అన్నాడు.

ఇద్దరూ దుప్పటి మడతపెట్టడం పూర్తిచేశారు. ఆయన నీ ఉద్యోగం అన్నాడు. అడిగితే సెలవు ఇచ్చేవాళ్లంది. అక్క ఒక్కతే అయిపోతుందని అన్నాడు. వదిన తనంతట తనే పెట్టె సర్ది పంపించేదంది. పిట్టగోడ మీద కూర్చున్నాడు.

"కింద ఇంజను గదిలో మాకు సముద్రం కనిపించదు. నూనె, వేడి, చెవులు చిల్లులు పడే మోత, అంతే. డ్యూటీ దిగి పడుకున్నప్పుడు, నువ్విక్కడ బల్ల ముందు కూర్చుని తాళ్లు కడుతుంటావని గుర్తు చేసుకునేవాణ్ణి. ఆ తెరచాపల ఓడలో నన్నెక్కడో నిలబెట్టే ఉంటావని తెలుసు. నేను ఆ ఓడలోనే ఉన్నాననుకుంటే నిద్రపట్టేది. నువ్వొచ్చి అసలుది చూస్తే, మళ్లీ కట్టబుద్ధి కాదేమోనని భయమేసింది."

ఆవిడ మడతపెట్టిన దుప్పటి పిట్టగోడ మీద పెట్టింది.

"మీకు నేనిక్కడ ఉండటం కావాల్సొచ్చింది. బానే ఉంది. నాకేం కావాలో అడిగారా?"

"అడగలేదు."

"నాకు రావాలనుండేది. ప్రతిసారీ ఉండేది."

అబద్ధం చెప్పి ఉంటే గొడవపడేది. ఆయన నిజం చెప్పాడు కాబట్టి గొడవకు కూడా వీల్లేకపోయింది. ఆ వారమంతా ఇంట్లో మాటలు అవసరం మేరకే నడిచాయి. ల్యాబులో మైనం కరిగిస్తూ లెక్కలు వేసుకునేది: ఆ పెద్ద ఫిరంగుల ఓడ కట్టిన ఏడాది తనెలా ఉండేది, ఆయనెలా ఉండేవాడు. జుట్టు నల్లగా, మోకాళ్లు నొప్పిలేకుండా, ఇద్దరూ ఒక చిన్న గదిలో, గుండ్రటి కిటికీ అవతల నీళ్లు. ఇప్పుడు ఆయన్ని అడిగి సాధించుకునే వస్తువు కాదది.

అయినా ఊరుకోలేకపోయింది. రేవునుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఎదురు దీవికి చేర్చే ప్రయాణికుల ఓడ ఒకటుంది. రెండు రోజులు సెలవు పెట్టి దానికి టికెట్ తీసుకుంది. సంగతి తెలిసిన ఆడపడుచు పైకి వచ్చి, "నేనూ వస్తా. నీకు తోడని కాదు, ఇంతకాలం మీ ఓడల దుమ్ము దులిపానే, ఒక్కదానిలోనన్నా కూర్చోవద్దూ" అంది. ఓడాయన వద్దనలేదు. నడిమి భాగంలో కూర్చోమని, అక్కడ ఊపు తక్కువని, ఖాళీ కడుపుతో ఎక్కవద్దని చెప్పాడు. అల్లం బిళ్లల పొట్లం చేతిలో పెట్టాడు. తను మాత్రం వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయాడు.

ఓడ కదిలింది. గట్టు వెనక్కి జరిగి, ఇళ్లు అగ్గిపెట్టెలై, ఆ తర్వాత ఒక గీతై, చివరికి నీళ్లు తప్ప ఏమీ లేకుండా పోయింది. పళ్లక్క కమ్మీ పట్టుకుని ముందుకు వంగి చూసింది. తను ఇన్నేళ్లూ చేత్తో తడిమిన ప్రతి భాగమూ అక్కడ పెద్దదై ఇనుముతో ఉంది. లంగరు గొలుసు, కమ్మీలు, గుండ్రటి గూట్లో చుట్టిన తాళ్లు. చిన్నపిల్లలా అన్నింటినీ ముట్టుకుంటూ తిరిగింది. ఆడపడుచు అల్లం బిళ్ల నోట్లో వేసుకుని, నడిమి బెంచీ మీద కళ్లు మూసుకుని, "నేల అనే దాన్ని ఎంత చులకన చేశానో ఇప్పుడు తెలుస్తోందమ్మాయ్" అని మూలుగుతోంది.

ఓడ వెనక భాగంలో, మెట్ల పక్కన, ఒక ఇనుప జాలీ ఉంది. దాని ముందు నుంచి నడుస్తుంటే కిందినుంచి వేడిగాలి కొట్టింది. ఆవిడ అక్కడే నిలబడిపోయింది. డీజిలు, కాలిన నూనె, వేడెక్కిన రంగు కలిసిన వాసన. ఓడాయన ఇంటికొచ్చిన రోజున పెట్టె తెరిస్తే గదంతా పరుచుకునే వాసన. ఎన్నిసార్లు ఉతికినా చొక్కా కాలర్లోంచి పోని వాసన. ఆయన మానేసి వచ్చాక ఆ వాసన ఇంట్లోంచి మెల్లిగా వెళ్లిపోయింది, ఎప్పుడు వెళ్లిందో ఆవిడ గమనించనే లేదు.

జాలీలోంచి కిందికి చూసింది. చాలా కింద, పసుపు లైటులో, చెవులకు డిప్పలు పెట్టుకున్న మనిషొకడు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. కుర్రవాడే. ఒకసారి తలెత్తాడు గానీ ఆవిడ కనపడి ఉండదు. అక్కడినుంచి అతనికి ఆకాశం కూడా కనపడదు. ఓడాయన చెప్పింది నిజమే, ఈ గదిలో చుక్కాని లేదు, ఎగిరే చొక్కా లేదు. కానీ తనిక్కడ నిలబడి ఉండవచ్చుననేదీ నిజమే. ఆ మనిషి మెట్లెక్కి పైకొచ్చేదాకా తువ్వాలు పట్టుకుని, మంచినీళ్లు పట్టుకుని, ఈ జాలీ దగ్గరే. అసలుది చూస్తే ఆశ తగ్గిపోతుందని ఆయన ఎందుకనుకున్నాడో ఆవిడకు అర్థం కాలేదు. ఆవిడకు ఇంకా ఎక్కువైంది.

ఓడ పనివాడొకడు ఆగి, ఇక్కడ వేడి, పైకి వెళ్లండి అమ్మా, అక్కడ బాగుంటుంది అన్నాడు. అంతా పక్కకు పరిగెడుతున్నారు, నీళ్లలో ఏవో పెద్ద చేపలు ఎగురుతున్నాయట. పళ్లక్క ఫర్వాలేదు బాబూ అని అక్కడే ఉండిపోయింది. దీవి కనపడేదాకా ఉంది.

రాత్రికి దీవిలో బస చేసి, మర్నాటి ఓడలో తిరిగి వచ్చారు. రేవు గేటు అవతల, కంచె పట్టుకుని ఓడాయన నిలబడి ఉన్నాడు. గేటు లోపలికి రాలేదు. అక్కడిదాకా రావడమే ఆయనకు ఎంత కష్టమైందో చెమట పట్టిన ముఖం చెబుతోంది. ఆడపడుచు చేతిలోని సంచీ అందుకున్నాడు. ట్యాక్సీలో దారంతా ఆవిడే మాట్లాడింది. తను చచ్చి బతికానని, అయినా వచ్చే ఏడు మళ్లీ వెళతానని చెప్పింది. పళ్లక్కా ఆయనా చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చి, కాఫీ కలిపి ఆయన ముందు పెట్టి, పళ్లక్క ఎదురు కుర్చీలో కూర్చుంది.

"మీ మొదటి ఓడలో ఇంజను గదిలోకి దిగే మెట్లు ఎటువైపుండేవి?"

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. కప్పు పక్కకు జరిపి, బల్ల మీద వేలితో గీసి చూపించాడు. ఇక్కడ మెట్లు. ఇక్కడ పెద్ద ఇంజను, మూడంతస్తుల ఎత్తు. ఇక్కడ పంపులు. ఈ మూల టీ కాచుకునే గిన్నె, దాన్ని గొలుసుతో కట్టేసేవాళ్లు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పనివి చెప్పాడు. ఒక తుఫానులో ఇంజను ఆగిపోతే, దాన్ని మళ్లీ తిప్పేదాకా ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదని చెప్పాడు. కాఫీ చల్లారిపోయింది. ఇద్దరిలో ఎవరూ లేచి వేడిచేయలేదు.

ఆవిడ సగంలో వదిలేసిన కిట్ తీసుకొచ్చి, పక్కటెముకలు ఒక్కొక్కటే ఊడదీసింది. ఆ తెరచాప ఓడకు రావలసిన చెక్కతో, పాత పెట్టెల్లో మిగిలిన పట్టీలతో, పెట్టెమీద బొమ్మ లేని ఓడ మొదలుపెట్టారు. పొట్ట వెడల్పుగా, ముక్కు మొద్దుగా, అందం చందం లేని సరుకు ఓడ. ఒక పక్కంతా మూయకుండా వదిలేశారు, లోపలి అంతస్తులు కనపడాలని. ఆయన కొలతలు చెబుతాడు, ఆవిడ కోస్తుంది. ఆయన మోటు వేళ్లు గరుకు కాగితం పట్టడానికి పనికొచ్చాయి. మధ్యమధ్యలో ఇద్దరికీ మాట పట్టింపులు వచ్చేవి. కొన్నిసార్లు ఆవిడకు ఉన్నట్టుండి దుఃఖం వచ్చి, పట్టకారు కింద పెట్టి డాబా మీదికి వెళ్లిపోయేది. ఆయన వెనకే వెళ్లేవాడు కాదు. తిరిగొచ్చేదాకా అతికించిన ముక్క ఊడిపోకుండా పట్టుకుని కూర్చునేవాడు.

పై అంతస్తులో ఆఫీసర్ల గదులు కట్టే రోజు వచ్చింది. ఇంజను గదికి సరిగ్గా పైన వరసలో మూడోది నాది అన్నాడు. అగ్గిపుల్లలతో ఆయన మంచం చేసింది.

"నేనొచ్చి ఉంటే ఎక్కడ పడుకునేదాన్ని?"

"గోడవైపు సోఫా ఉండేది. ఇరుకుగా ఉంటుంది. అయినా నువ్వు మంచం మీద పడుకుందువు, నేను సోఫా మీద."

ఆవిడ సోఫా కూడా చేసింది. దాని మీద పరవడానికి తెరచాప గుడ్డలోంచి చిన్న ముక్క కోసింది. తర్వాత మంచం పక్కన గోడకు డ్రిల్లుతో కిటికీ తొలిచింది. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని వంగి చూశాడు.

"అంత పెద్దది కాదు. అసలు దానిలోంచి తల కూడా పట్టేది కాదు."

"నాకు ఇంత కావాలి," అంది పళ్లక్క.

ఆయన కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. కిటికీ అంచుల్లో లేచిన పీచును గరుకు కాగితంతో మెల్లిగా రుద్దడం మొదలుపెట్టాడు.